ఉద్యోగం వచ్చాక ఇంటర్వ్యూ

ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మా వారు ఉప్పుడబ్బా, కారం డబ్బా, గ్లాసులు భోజనాల బల్ల మీద పేర్చి నేర్పబోయారు. నేను మధ్యలో లేచి స్టవ్ మీద పాలు పొంగుతాయేమో చూడ్డానికి వెళ్ళిపోయాను. అలాంటి నేను మస్కట్‌లో ఒక కాలేజీ ఫుట్‌బాల్ టీముకి హెడ్ కోచ్‌ని ఎంపిక చేసిన కమిటీకి సెక్రటరీని. ఈమధ్య మా బంధువుల్లో ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు ఎక్కువయ్యారు. ఇంటర్వ్యూకి పిలుపు రాలేదని నా దగ్గర ముఖం వేలాడేసుకుని కూర్చుంటారు. వాళ్ళకోసం ఈ సంగతి రాసిపెడదామనిపించింది. ఇందులో మీకు పనికొచ్చే సలహా ఏమీ లేదని ముందే చెబుతున్నాను.

మాది కాకినాడ పక్కన ఓ పల్లెటూరు. ఎనభైల చివర్లో మా వారి ఉద్యోగం మీద మస్కట్ వెళ్ళాం. ఇంట్లో ఊరికే కూర్చోవడం నావల్ల కాలేదు. కాలుగాలిన పిల్లిలా ఫ్లాట్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతుంటే చూడలేక ఆయనే నలుగురికి చెప్పి అల్ ఖువైర్‌లోని ఒక సాంకేతిక కాలేజీలో టైపిస్టుగా చేర్పించారు. కొన్నేళ్ళకి డైరెక్టరుగారి సెక్రటరీనయ్యాను. డైరెక్టర్‌ని అక్కడ ముదీర్ అంటారు. మేమూ అలాగే అనేవాళ్ళం.

మా ముదీర్‌గారు ఒమానీయే కానీ పుట్టిందీ పెరిగిందీ ఆఫ్రికా తీరాన జాంజిబార్‌లో. అక్కణ్ణించి తిరిగొచ్చిన కుటుంబాలు మస్కట్‌లో చాలా ఉన్నాయి. ఆయన ఇంగ్లీషు వింటుంటే ముచ్చటేసేది. అరబిక్ మాత్రం ఆచితూచి మాట్లాడేవారు. కొండల అవతల ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళు ఎవరైనా ఆఫీసుకి వస్తే ఆయన తలపాగా ఒకటికి రెండుసార్లు సర్దుకునేవారు. వాళ్ళ ముందు తను అచ్చమైన ఒమానీనని ఋజువు చేసుకోవాలని ఆయనకుండేది. చాలా మంచి మనిషి. కానీ ఒక నిర్ణయం తీసుకోమంటే వంద వాయిదాలు వేసేవారు. నాకేమో ఏ పనైనా నిన్ననే అయిపోయి ఉండాలి. మా ఇద్దరికీ ఎలా కుదిరిందో ఆ దేవుడికే తెలియాలి.

తొంభైల మధ్యలో ఒక ఏడాది, పోటీలు నడుస్తుండగానే మా హెడ్ కోచ్ పొరుగు దేశంలో ఏదో క్లబ్బులో పని దొరికి, ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసి వెళ్ళిపోయాడు. మిగిలిన సీజనంతా టీముని అసిస్టెంట్ కోచే నెట్టుకొచ్చారు. ఆయన మన మనిషి. సికింద్రాబాద్ బొల్లారం. పడుచు వయసులో ఏదో సర్కారు డిపార్టుమెంటు టీముకి ఆడి, మోకాలు దెబ్బతిని, మా కాలేజీకి గ్రౌండ్ చూసుకునే పని మీద వచ్చి, క్రమంగా అసిస్టెంట్ కోచ్ అయ్యారు. కుర్రాళ్ళు ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. నేను మాస్టారూ అనేదాన్ని. కాలేజీ మొత్తానికి తెలుగువాళ్ళం మేమిద్దరమే. అయినా మొదట్లో ఒకరి తెలుగు ఒకరికి సగమే అర్థమయ్యేది.

"మీది సీన్మా తెలుగు మేడమ్. మస్తు తీయగుంటది గని జల్ది సమజ్ గాదు," అనేవారు ఆయన.

"మీది తెలుగేనా అని మా వారు అడుగుతున్నారు," అనేదాన్ని నేను.

ఆ సీజన్‌లో టీము పెద్దగా గెలిచిందీ లేదు, పరువు పోగొట్టుకున్నదీ లేదు. ఎండాకాలం రాగానే హెడ్ కోచ్ పోస్టుకి ప్రకటన ఇచ్చారు. కమిటీలో ముదీర్‌గారు, వ్యాయామ విభాగం పెద్ద అయిన ఒక ఈజిప్టు ఆయన, చెప్పింది రాసుకోవడానికి నేను. అక్కడి పద్ధతి ఏమిటంటే, బయటినుంచి వచ్చే హెడ్ కోచ్ తన అసిస్టెంట్‌ని తనే తెచ్చుకుంటాడు. కాలేజీకి ఉన్న అసిస్టెంట్ వీసా ఒక్కటే. అంటే బయటివాడెవరు వచ్చినా మా మాస్టారు పెట్టె సర్దుకోవాల్సిందే. ఈ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు, మాస్టారికి అందరికంటే ముందే తెలుసు.

మాస్టారు కూడా ఆ పోస్టుకి దరఖాస్తు పెట్టారు. మొట్టమొదట వచ్చింది ఆయనదే. నేనే తీసుకెళ్ళి ముదీర్‌గారి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి పక్కన పెట్టేశారు.

"ఈయన్ని ఇంటర్వ్యూ చేసేదేముంది? మన మనిషే కదా. రోజూ చూస్తూనే ఉన్నాం. బయటివాళ్ళని చూద్దాం ముందు."

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈజిప్టు ఆయన అయితే సూటిగానే చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు. "మనిషి మంచివాడు, కష్టపడతాడు. కానీ కోచింగ్ లైసెన్స్ లేదు. రేపు టీము ఓడితే లైసెన్స్ లేనివాణ్ణి ఎందుకు పెట్టారని అడిగితే ఎవరు జవాబు చెబుతారు?" అన్నాడు.  మాస్టారినే ఉంచాలని ముదీర్‌గారి మనసులో ఉన్నట్టు నాకు తెలుస్తూనే ఉండేది. కానీ ఏదో ఒక ఆధారం దొరికితే తప్ప ఆ మాట పైకి అనలేరు.

ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. ముదీర్‌గారి గదిలో కిటికీ వైపు వీపు పెట్టి ఒక తోలు కుర్చీ ఉండేది. వచ్చినవాళ్ళని అందులో కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, బౌషర్‌లో కొండల కింద ఉన్న మా గ్రౌండ్ చూపించడం, తిరిగి హోటల్లో దింపడం ఎవరి డ్యూటీ అనుకున్నారు? మాస్టారిదే. తన చోట కూర్చోబోయేవాళ్ళకి తనే గోల్‌పోస్టులు, తనే షెడ్డు, తనే కుర్రాళ్ళనీ చూపించి తీసుకొచ్చేవారు. అది చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన మాత్రం ఒక్కొక్కరూ వెళ్ళాక నా గదిలోకి వచ్చి, ఏదో జెరాక్స్ కావాలన్నట్టు నిలబడి మెల్లగా అడిగేవారు.

"లోపట ఏం అడిగిన్రు మేడమ్?"

"బంతి గుండ్రంగా ఎందుకుంటుందని అడిగారు మాస్టారూ. నాకేం తెలుసు, రాసుకోవడం తప్ప."

"అట్ల గాదు. ఒక్కటన్న యాద్ చేస్కోని చెప్పున్రి."

నేను గుర్తున్నంతవరకు చెప్పేదాన్ని. ఓడిపోతున్న టీముని హాఫ్ టైములో ఏమంటావని అడిగారు, గాయపడ్డ కుర్రాడు ఆడతానని పట్టుబడితే ఏం చేస్తావని అడిగారు, ఇలాంటివి. ఆయన కాసేపు ఆ ప్రశ్న తననే అడిగినట్టు నిలబడి, ఏదో చెప్పబోయి, "సరే మేడమ్" అని వెళ్ళిపోయేవారు.

ఆగస్టు వచ్చింది. బయట ఎండకి కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలేది. వచ్చినవాళ్ళలో ఒకాయన ఇంకో దేశంలో మంచి పని దొరికి జారుకున్నాడు. ఇంకొకాయన పెట్టిన కోరికలు విని ముదీర్‌గారే దణ్ణం పెట్టారు. ఆఖరికి తూర్పు యూరప్ నుంచి వచ్చిన ఒక్కాయన మిగిలాడు. ఖురంలో హోటల్లో దిగాడు. లైసెన్స్ ఉంది, అనుభవం ఉంది, మర్యాద కూడా ఉంది. ఒక అట్ట మీద అయస్కాంతాల బిళ్ళలు అతికించి టీముని ఎలా నడుపుతాడో చూపిస్తే నాక్కూడా అర్థమైనట్టే అనిపించింది. ఒక్క షరతు పెట్టాడు. వారాంతం రెండు రోజులూ ప్రాక్టీసు ఉండాలి. మిగతా రోజుల్లో కుర్రాళ్ళు వర్క్‌షాపుల్లో అలసిపోయి వస్తారు కాబట్టి అసలు పని ఆ రెండు రోజుల్లోనే జరగాలన్నాడు. అప్పట్లో మాకు వారాంతం అంటే గురువారం, శుక్రవారం.

ఈజిప్టు ఆయన ఓటు ఇతనికే. ముదీర్‌గారు, "చూద్దాం, ఆదివారం మాట్లాడదాం" అన్నారు. ఆదివారం వస్తే "మంగళవారం" అన్నారు. నాకు రాత్రి నిద్ర లేదు, పగలు కుదురు లేదు. అవసరం లేని ఫైళ్ళు దులిపాను. మా వారు, "టీము కోచ్ ఎవరైతే నీకేమిటే, నువ్వు ఆడతావా?" అన్నారు.  నాకేమిటో నాకూ సరిగ్గా తెలియదు. మాస్టారు రోజూ వచ్చి ముదీర్‌గారి మూసిన తలుపు వైపు చూసి వెళ్ళడం మాత్రం నేను భరించలేకపోయాను.

అలాంటి రోజుల్లో కుర్రాళ్ళ మధ్య ఒక పుకారు పుట్టింది. టీము కెప్టెన్ తాతగారు ఊరి నుంచి వస్తున్నారట, ఉస్తాద్ కోసం ముదీర్‌తో మాట్లాడడానికట. కెప్టెన్ మా గోల్‌కీపర్ కూడా. కొండల అవతల ఏదో ఊరు వాళ్ళది. ఆ తాతగారికి ఆ చుట్టుపక్కల చాలా గౌరవం ఉందని చెప్పుకున్నారు. ఈ మాట నాదాకా వచ్చినట్టే ముదీర్‌గారి దాకా కూడా వెళ్ళింది. ఆయన ముఖంలో కొత్త వెలుగు నేను కళ్ళారా చూశాను. అంతటి పెద్దమనిషి వచ్చి అడిగితే లైసెన్స్ మాట పక్కకి పోతుంది. ఈజిప్టు ఆయన కూడా కాదనలేడు.

బుధవారం పొద్దున తాతగారు వచ్చారు. తెల్లటి గడ్డం, నడుముకి వెండి పిడి బాకు, చేతిలో సన్నటి కర్ర, వెంట ఇద్దరు బంధువులు. ముదీర్‌గారు తలుపు దాకా ఎదురెళ్ళారు. ఖర్జూరాలు పెట్టారు. మా ఆఫీసులో కహ్వా, అంటే అక్కడి కాఫీ, పోసే బలూచీ పెద్దాయన ఒకడుండేవాడు. అందరికీ చిన్న చిన్న పింగాణీ గిన్నెల్లో కహ్వా పోశాడు. తాతగారు గిన్నె అందుకుని, తాగకుండా ఎదురుగా బల్ల మీద పెట్టేశారు.

నేను ఓ మూల నోట్‌ప్యాడ్ పట్టుకుని కూర్చున్నాను. నా చూపంతా ఆ గిన్నె మీదే. మా గోదావరి వైపు ఇంటికొచ్చిన మనిషి కాఫీ ముట్టకపోతే ఇంటి ఇల్లాలు సగం చచ్చిపోతుంది. చీమ పడిందేమో అనుకున్నాను. యోగక్షేమాలు అడుగుతున్నారు, వానల గురించి మాట్లాడుతున్నారు, కహ్వా చల్లారిపోతోంది. మార్చి వేడిది పొయ్యమని బలూచీ పెద్దాయనకి సైగ చేశాను. అతను కదల్లేదు. ఇంక ఆగలేక నాకొచ్చిన రెండు ముక్కల అరబిక్‌లో, "ఇష్రబ్, బాబా, ఇష్రబ్" అన్నాను. తాగండి బాబుగారూ అని నా ఉద్దేశం.  బలూచీ పెద్దాయన నావైపు చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు.

అసలు విషయం అతనే తర్వాత హిందీలో చెప్పాడు. కొండల అవతలి వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఏదైనా అడగడానికి వచ్చిన మనిషి కహ్వా ముట్టకుండా ఎదురుగా పెట్టుకుంటాడు. అది చూసి, "ఏం పని మీద వచ్చారు?" అని ఇంటాయన అడగాలి. విని, చేయగలిగిందైతే, "మీ పని అయింది, తాగండి" అనాలి. అప్పుడు తాగుతారు. పని కాకపోతే ఆ కహ్వా అలాగే ఉండిపోతుంది.

జాంజిబార్‌లో పెరిగిన మా ముదీర్‌గారికి ఇది చూసిన అనుభవం లేదు. తండ్రి నోట విన్నారేమో అంతే. నేను "ఇష్రబ్" అనగానే ఆయన చూపు గిన్నె మీద పడింది. అప్పటికి వెలిగింది ఆయనకి. ఇంతసేపు గమనించనందుకు చెవులు ఎర్రబడ్డాయి. పైగా పెద్దాయన ఏం అడగబోతున్నారో తెలుసునన్న ధీమా ఒకటి. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "తాగండి, మీరు వచ్చిన పని అయిపోయింది" అనేశారు. అసలు తెలియనివాడైతే మాట ఇచ్చేవాడు కాదు, బాగా తెలిసినవాడైతే విని ఇచ్చేవాడు. సగం తెలిసిన మా ముదీర్‌గారు వినకుండానే ఇచ్చేసి, నావైపు తిరిగి కొంచెం నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారి ఉద్యోగం నిలబడిందని పైకి అరవబోయి ఆపుకున్నాను.

తాతగారు తృప్తిగా కహ్వా తాగి, ఇంక చాలన్నట్టు గిన్నె అటూ ఇటూ ఆడించి బలూచీ పెద్దాయనకిచ్చారు. అప్పుడు చెప్పారు. నాకు 'నీళ్ళు', 'గురువారం' అన్న రెండు మాటలే తెలిశాయి. బలూచీ పెద్దాయన నా వెనక నిలబడి మెల్లగా హిందీలో చెబుతూ వచ్చాడు.

"నా కొడుకు పోయాడు. నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు. మా కాలవలో మా తోట నీళ్ళ వంతు గురువారం సాయంత్రం వస్తుంది. మడవ తిప్పేవాడు ఈ మనవడొక్కడే. కొత్త కోచ్ వస్తే గురువారం, శుక్రవారం కూడా ఆడిస్తాడట. నా మనవణ్ణి ఆ రెండు రోజులు ఇంటికి పంపించండి."

అంతే. ఉస్తాద్ ఊసే లేదు. అసలాయనకి ఉస్తాద్ అనే మనిషి ఉన్నట్టు కూడా తెలియదు. పుకారంటే ఇలాగే ఉంటుంది. కోచ్ సంగతి అనే మాట ఒక్కటే నిజం, మిగతాదంతా కుర్రాళ్ళ ఆశ.

ముదీర్‌గారి ముఖం పాలిపోయింది. నేనైతే నోట్‌ప్యాడ్ మూసేశాను. కానీ ఆ పెద్దాయన మీద కోపం తెచ్చుకోవడం కూడా నావల్ల కాలేదు. కాలవ కింద పుట్టినదాన్ని. వంతు నీళ్ళు పక్క చేలోకి పోతే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా నాన్న నీళ్ళ వంతు కోసం పెళ్ళిపందిట్లోంచి లేచి వెళ్ళిన రోజులు నాకు తెలుసు.

ఇచ్చిన మాట ఇచ్చిందే. అదీ కెప్టెన్ విషయంలో. అతన్నొక్కణ్ణే పంపిస్తే కొండల అవతల నుంచి వచ్చిన మిగతా కుర్రాళ్ళు ఊరుకోరు. చివరికి వారాంతంలో ఎవరికీ ప్రాక్టీసు ఉండకూడదని ముదీర్‌గారు తీర్మానించారు. అన్నాళ్ళలో ఆయన అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

తూర్పు యూరప్ ఆయనకి కబురు పంపాం. శనివారం వచ్చి, తోలు కుర్చీలో కాకుండా నిలబడే మాట్లాడాడు. "వారాంతంలో ప్రాక్టీసు లేని టీముకి కోచ్ అక్కర్లేదు, బస్సు డ్రైవర్ చాలు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, అందరికీ చెయ్యి కలిపాడు, వెళ్ళిపోయాడు. కాలేజీ తెరవడానికి ఎన్నో రోజులు లేవు. ఇంక ఎవరూ లేరు. ముదీర్‌గారు ఊపిరి పీల్చుకుని, "మన అసిస్టెంట్ పేరు మీదే ఆర్డర్ టైపు చేయండి" అన్నారు. ఈజిప్టు ఆయన భుజాలెగరేసి ఊరుకున్నాడు.

సాయంత్రం దాకా ఆగగలనా నేను? కాలేజీ వ్యాన్ పట్టుకుని బౌషర్ గ్రౌండ్‌కి వెళ్ళిపోయాను. మాస్టారు సున్నం గీతలు వేస్తున్నారు. చెప్పాను.  ఆయన తల ఊపి, గీత చివరి దాకా వేసి, సున్నం డబ్బా కింద పెట్టారు.

"అంతేనా? నేను ఎండలో పడి వస్తే ఇదేనా సంతోషం?"

"సంతోషమే మేడమ్. ఆయన ఎందుకు పోయిండు?"

దాచడం నాకు చేతకాదు. కహ్వా సంగతి, కాలవ నీళ్ళ సంగతి, అన్నీ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"అంటే నన్ను ఎవ్వరు పెట్టుకోలే. అందరు పోయినంక మిగిలిన."

"ఎలా వస్తే ఏం మాస్టారూ? ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటారా ఎవరైనా?"

"తన్నుకుంట లేను మేడమ్. నౌకరి నాకు గావాలె. గని ఒక్కటి జెప్పున్రి. ఎండకాలమంత ఎవరెవర్నో ఎయిర్‌పోర్ట్ నుంచి నేనే తెచ్చిన. గా కుర్సీల కూసున్నోల్లందర్ని అడిగిన్రు. నన్ను ఒక్కసారి పిల్వలే. నీకేమొస్తది, ఏం జేస్తవ్ అని ఒక్క మాట అడగలే. నేను ఫెయిలయితే పంపియ్యున్రి, దుఃఖం లేదు. అడగకుంట ఇస్తే రేపు పొలగాండ్ల ముంగట నేను ఎట్ల నిలవడాలె?"

"ఇప్పుడేం చేయమంటారు?"

"నన్ను గూడ అడగమనున్రి. అడిగినంకనే కాయితం తీస్కుంట."

నాకు తిక్క రేగింది. ఆయన చాదస్తం మీద నాకొచ్చినంత సినిమా తెలుగులో నాలుగు అంటించాను. ముదీర్‌కి కోపం వస్తే పోస్టు పోతుందన్నాను, ఈజిప్టు ఆయన మళ్ళీ ప్రకటన ఇవ్వమంటాడన్నాను. ఆయన వింటూ వింటూ మళ్ళీ డబ్బా ఎత్తి ఇంకో గీత మొదలుపెట్టారు. తిరిగి వ్యాన్‌లో వస్తుంటే నా కోపం దిగిపోయింది. రెండు నెలలుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వని విషయం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆయన వీసా గురించి అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది కాదు. ఆయన దరఖాస్తు నా చేతులతో తీసుకెళ్ళి పెట్టాను, దాన్ని తెరిచి చదివినవాళ్ళు లేరు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

మర్నాడు ముదీర్‌గారికి చెప్పాను. నేను భయపడ్డట్టే అయింది. "ఇచ్చిన ఉద్యోగానికి పరీక్ష పెట్టమంటాడా? ఇది నన్ను వెక్కిరించడం కాదా?" అన్నారు. ఈజిప్టు ఆయన ఒక్క మాటే అన్నాడు. "అడిగితే నిజంగానే అడుగుతాను. సరిగ్గా చెప్పకపోతే వద్దంటాను. అందుకు ఒప్పుకుంటేనే." నేను నిలబడే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. ముదీర్‌గారు చాలాసేపు కిటికీలోంచి రోడ్డు మీద కార్లు చూశారు.

"నేను ఈ దేశం వచ్చినప్పుడు నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు," అన్నారు చివరికి. "ఇంగ్లీషు రాయడం వచ్చినవాడు ఇంకెవడూ దొరక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ముసలాయన లాంటివాళ్ళు వచ్చినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. రేపు పదింటికి రమ్మనండి. నిజంగానే అడుగుదాం."

తర్వాత నావైపు చూసి, "మీరు మాత్రం లోపల ఉండొద్దు. మీరు ఆయన పక్షం" అన్నారు. కాదని నేను అనలేకపోయాను.

మాస్టారు కోటు వేసుకుని వచ్చారు. ఆ ఎండలో, ఆ తేమలో, కోటు, టై. ఎవరి కోటో కానీ భుజాల దగ్గర వేలాడుతోంది. జుట్టుకి నూనె రాసి పక్కకి దువ్వుకున్నారు. టీము షర్టులో తప్ప ఆయన్ని ఎప్పుడూ చూడని బలూచీ పెద్దాయన, ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడనుకుని లేచి నిలబడ్డాడు. మాస్టారు నావైపు చూడకుండా తలుపు తట్టి లోపలికి వెళ్ళారు.

బయట నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. టైప్‌రైటర్ ముందు కూర్చుని ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ కొట్టి చింపేశాను. తలుపు దగ్గరికి వెళ్ళి వచ్చాను. ఏసీ హోరులో ఏమీ వినిపించలేదు. ఒకసారి ఈజిప్టు ఆయన గొంతు పెద్దగా వినిపించింది.  తర్వాత మాస్టారి గొంతు, ఇంగ్లీషులో, తడబడుతూ, అయినా ఆగకుండా. ఏం చెబుతున్నారో తెలియలేదు. బలూచీ పెద్దాయన లోపలికి కహ్వా తీసుకెళ్ళి వచ్చాడు. ఏమైందని అడిగితే, ముగ్గురూ నేల మీద కూర్చుని ఖర్జూరం గింజల్ని ఆటగాళ్ళలా పేర్చుకుంటున్నారన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. మళ్ళీ పంపిస్తే మళ్ళీ అదే చెప్పాడు. మధ్యాహ్నం ప్రార్థనకి పిలుపు వినిపించింది. మామూలుగా ఆ వేళకి ముదీర్‌గారు గదిలోంచి లేచేవారు. ఆ రోజు తలుపు తెరుచుకోలేదు.

చాలాసేపటికి ఈజిప్టు ఆయన ముందు బయటికొచ్చాడు. నా బల్ల దగ్గర ఆగి, "లైసెన్స్ లేదు. ఈ మాట మాత్రం రాసుకోండి" అని, గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "నేను సరేనన్నాను. అది కూడా రాసుకోండి" అన్నాడు. వెనకాలే ముదీర్‌గారు మాస్టారిని భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చారు. అందరికీ వినబడేలా, శనివారం నుంచి హెడ్ కోచ్ ఈయనే అని చెప్పి, చెయ్యి కలిపి, ప్రార్థనకి ఆలస్యమైపోయిందని గబగబా వెళ్ళిపోయారు.

మాస్టారు నా ఎదురుగా కుర్చీలో కూలబడ్డారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మంచినీళ్ళు ఇచ్చాను.  తాగి, మూతి తుడుచుకుని, కాగితం ఇమ్మన్నట్టు చెయ్యి చాపారు. ఇచ్చాను. చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని లేచారు. తలుపు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు.

"మేడమ్, ఒక్క మాట. గా యూరప్ ఆయనకు లోపట ఎంతసేపు పట్టింది?"

ఆయన కోసం ఆ రోజు నేను అబద్ధమైనా ఆడేదాన్నే. ఆ అవసరం రాలేదు.

"మీకే ఎక్కువసేపు పట్టింది మాస్టారూ. అందరికంటే మీకే."

"గట్లనా," అన్నారు.  టై విప్పుకుంటూ, మంచి మోకాలి మీద ముందు బరువేస్తూ, మెట్లు దిగి ప్రాక్టీసుకి వెళ్ళిపోయారు.